మూడో కన్నం వెనక

మా ఫ్రిజ్‌కి చెప్పులున్నాయి. నీలం రంగు రబ్బరు చెప్పులు. ఎప్పుడూ ఫ్రిజ్ ముందే ఉంటాయి. పాలు కావాలన్నా, నీళ్ల సీసా కావాలన్నా ముందు వాటిలో కాళ్లు దూర్చి, ఆ తర్వాతే తలుపు మీద చెయ్యి వేయాలి. మరిచిపోతే మోచేతి దాకా జిల్లుమంటుంది.

ఇది మాకు ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి పెదనాన్న వాళ్లింట్లో అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి కిందకి చూస్తూ ఉండిపోయింది. పెద్దమ్మ వచ్చి, "ఏం పారేసుకున్నావు?" అని అడిగింది. అమ్మ ఏమీ లేదంది గానీ తలుపు మాత్రం కొంగుతో పట్టుకుని తీసింది.

ఇల్లు తాతయ్యది, అంటే అమ్మ వాళ్ల నాన్నది. ఆయన రేడియోలు బాగుచేసేవారు. ఈ ఇంటికి వైరింగ్ అంతా ఆయనే చేసుకున్నారు. అప్పట్లో ప్లగ్గు పెట్టే చోటల్లా రెండే కన్నాలు ఉండేవట. ఫ్రిజ్ కొన్నాక చూస్తే దాని ప్లగ్గుకి మూడు కాళ్లున్నాయి. తాతయ్య ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో అన్ని చోట్లా పాతవి పీకి మూడు కన్నాలవి బిగించారు. బిగించి, ఇల్లు కొత్తదైపోయిందన్నారు. ఆ సాయంత్రమే ఫ్రిజ్ మొదటిసారి అమ్మకి జిల్లుమనిపించింది.

"మోటారున్న సామాను అన్నాక ఆ మాత్రం ఉంటుంది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలి," అన్నారు తాతయ్య. మర్నాడు చెప్పులు తెచ్చారు.

ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయేది. కానీ అక్కకి కొత్త ఉద్యోగం కోసం పది రోజుల శిక్షణ పడింది. అది పూర్తి చేస్తేనే ఉద్యోగం. చంటిపిల్లల్ని తీసుకురాకూడదన్నారు. బావ పగలంతా పనిలో ఉంటాడు. అక్క కూతురికి పదకొండు నెలలు. దాన్ని ఆ పది రోజులూ మా ఇంట్లో ఉంచుదామని అక్క, అమ్మ అనుకున్నారు. తాతయ్య అప్పటికే మునిమనవరాలి కోసం ఒక చెక్క బండి చేయడం మొదలుపెట్టారు.

అడ్డం వచ్చింది బావ. పోయినసారి వచ్చినప్పుడు బావ తడి చేత్తో ఫ్రిజ్ పట్టుకున్నాడు. చేతిలో పాలగిన్నె ఎగిరి గోడకి తగిలింది. అప్పటినుంచీ మా ఇంటి పేరెత్తితే బావ చెయ్యి దులుపుకుంటాడు.

ఆ వారం ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్‌ని బయటికి వినిపించేలా పెట్టింది.

"ఫ్రిజ్ సంగతి ఏం చేశారత్తయ్యా?"

"అంతా బాగానే ఉంది నాయనా," అంది అమ్మ.

"తాతయ్యకివ్వండి."

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వు నిశ్చింతగా పంపించు," అన్నారు తాతయ్య.

"మామయ్యకివ్వండి."

నాన్న బస్సు డిపోలో పనిచేస్తారు. అప్పుడే వచ్చి అన్నానికి కూర్చున్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ మాట్లాడలేనని సైగ చేశారు.

"సరే, మరదలికివ్వండి. దానికి అబద్ధం ఆడాలంటే గంట పడుతుంది."

అందరూ నా వైపు చూశారు. తాతయ్య కళ్లతోనే, చెప్పు, ఊఁ అను, అంటున్నారు. ఫోన్ మోగితేనే నేను పక్క గదిలోకి పోతాను. ఇక అందరూ వింటుండగా చెప్పాలంటే ఏం చెప్పను.

"బాగైందా?" అన్నాడు బావ.

"లేదు బావా," అన్నాను.

ఫోన్ అవతల అక్క నిట్టూర్చడం వినిపించింది. బావ మెల్లగా అన్నాడు, "అది ఇప్పుడు ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోందత్తయ్యా. చెప్పులు తొడిగితే నాలుగు అడుగుల్లో విసిరేస్తుంది. దాన్ని ఆ ఇంట్లో వదల్లేను. శిక్షణకి ఈసారి వెళ్లదులెండి."

ఫోన్ పెట్టేశాక తాతయ్య నా వైపు చూసి, "హరిశ్చంద్రుడి చెల్లెలు," అన్నారు.

"దాన్ననకు నాన్నా. ఎవరినైనా పిలిచి చూపిద్దాం," అంది అమ్మ.

"నేను వేసిన వైరు మీద ఇంకొకడు చెయ్యి వేయడమా? ఫ్రిజ్ దగ్గరికి పిల్ల వెళ్లకుండా చూస్తే చాలదా?"

చూశారు కూడా. గంటలో రెండు బల్లలు అడ్డంగా పడేసి ఫ్రిజ్‌కి కోట కట్టారు. బాత్రూము ముందు వసారాలో, బట్టలుతికే మిషను పక్కన పాప ఆడుకోవడానికి దుప్పటి పరిపించారు. "ఈ మిషను చూడు, బంగారు కొండ. ఏనాడైనా ఒక్క చురక పెట్టిందా? పాప ఇక్కడే ఆడుకుంటుంది. ఆ మాట మీ అల్లుడికి చెప్పు," అన్నారు. అమ్మకీ అది బాగానే ఉందనిపించింది. చల్లటి చోటు, గాలి వస్తుంది.

కానీ మర్నాడు పొద్దున్న అమ్మే పాల కోసం ఆ కోట దాటబోయి, బల్లకి కాలు తగిలి, పడబోయి, ఫ్రిజ్‌నే పట్టుకుంది. చెప్పులు బల్ల అవతలే ఉన్నాయి. కెవ్వుమని వెనక్కి వచ్చి, చెయ్యి రుద్దుకుంటూ నాతో అంది, "సంత వీధిలో కరెంటు సామాను కొట్టుంది చూడు, టెస్టరమ్మది. వెళ్లి పిలుచుకురా. తాతయ్య లేచేలోపల."

టెస్టరమ్మ అసలు పేరు ఎవరికీ తెలియదు. యాభై దాటిన మనిషి. జుట్టు ముడి వేసి అందులో టెస్టర్ గుచ్చుకుంటుంది. నేను కొట్టు గుమ్మంలో నిలబడ్డాను. ముందు ఒకాయన బల్బు కొన్నాడు, తర్వాత ఒకావిడ తీగ కొంది, ఇంకొకాయన వచ్చి ఊరికే కబుర్లు చెప్పి వెళ్లాడు. అప్పటికీ నేను అక్కడే ఉన్నాను.

"ఏం కావాలమ్మా? పొద్దున్నించీ గుమ్మానికి కాపలా కాస్తున్నావు," అంది.

ఎలా మొదలుపెట్టాలో తోచక, "మా ఫ్రిజ్‌కి చెప్పులున్నాయి," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఫ్రిజ్ ఎక్కడికైనా నడిచి వెళ్తుందా?"

"అవి మేం వేసుకుంటాం. వేసుకోకపోతే కొడుతుంది."

"ఎన్నాళ్లుగా?"

"నేను పుట్టకముందు నుంచి."

నవ్వు ఆగిపోయింది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"ఇప్పుడు లేరు. మా అక్క కూతురు రావాలి. ఎల్లుండి అక్క శిక్షణకి బయల్దేరాలి, ఆలోపు బాగైతేనే వస్తుంది."

ఆమె సంచీ భుజాన వేసుకుని కొట్టు తలుపు దించేసింది.

మేం వచ్చేసరికి తాతయ్య లేచి మెయిన్ బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. టెస్టరమ్మని పైనుంచి కిందకి చూశారు.

"ఈ ఇంటి వైరింగ్ నాది," అన్నారు.

"తెలుస్తోంది బాబాయ్‌గారూ. గోడ మీద వైర్ల పట్టీలు దారం పట్టి కొట్టినట్టున్నాయి. ఈ రోజుల్లో ఎవరు వేస్తున్నారలా," అందామె.

తాతయ్య కుర్చీ కొంచెం పక్కకి జరిపారు.

ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి జుట్టులోంచి టెస్టర్ తీసి తలుపుకి ఆనించింది. లోపల ఎర్రగా వెలిగింది. ఫ్రిజ్ తలుపుకి దీపం వెలగడం చూడటానికి అందంగానే ఉంది గానీ, అమ్మ మొహం మాడిపోయింది.

"మెయిన్ ఆపండి బాబాయ్‌గారూ."

"మెయిన్ ఎందుకు? ఆ స్విచ్చి ఆపితే చాలదా?"

"ఆపేశానని స్విచ్చి చెబుతుంది. వైరు చెబితే నమ్ముతాను."

తాతయ్య మెయిన్ దించారు. ఆమె టెస్టర్‌తో మళ్లీ చూసుకుని, అప్పుడు ఫ్రిజ్ ప్లగ్గు బోర్డు విప్పింది. నన్ను పిలిచి వెనక్కి తిప్పి చూపించింది. కింది రెండు కన్నాలకీ వెనక వైర్లున్నాయి. పైన పెద్ద కన్నం వెనక ఉత్త మర. కొత్తదానిలా మెరుస్తోంది.

"ఇది గోడ మీద గీసిన కిటికీ. చూడ్డానికి ఉంది, గాలి రాదు. ఒక వైరులో కరెంటు వస్తుంది, ఇంకో వైరులో తిరిగి వెళ్తుంది. మూడోది ఎర్త్. లోపలెక్కడైనా కరెంటు దారి తప్పి సామాను ఒంటి మీదికి వస్తే, దాన్ని భూమిలోకి పంపించేది అది. ఇక్కడ ఆ దారే లేదు. పిల్లిని గదిలో పెట్టి తలుపేస్తే ఎవరి మీద పడుతుంది? తలుపు తీసినవాళ్ల మీదే."

"చెప్పులు తెచ్చాను కదా," అన్నారు తాతయ్య.

"తెచ్చారు. పిల్లి మాత్రం లోపలే ఉంది."

తర్వాత ఆమె వసారా వైపు నడిచింది. "అది చూడక్కర్లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కొట్టలేదు," అన్నారు తాతయ్య.

"అందుకే చూడాలి. ఇంట్లో ఎర్త్ లేనప్పుడు ఇదెందుకు మంచిగా ఉంది?"

బోర్డు విప్పింది. అక్కడ మూడో కన్నం వెనక ఖాళీగా లేదు. వేలెడంత నల్లటి వైరు ముక్క, మూడో మర నుంచి పక్క మరకి వంతెనలా వేసి ఉంది.

తాతయ్య మొహం వెలిగిపోయింది. "అది నా ఉపాయం. మిషను బిగించడానికి వచ్చినవాడు, ఎర్త్ లేనిదే బిగించనని భీష్మించుకు కూర్చున్నాడు. టీ తాగి రమ్మన్నాను. వాడొచ్చేసరికి ఈ ముక్క వేసేశాను. మీటర్ పెట్టి చూసుకుని, ఎర్త్ ఉందండీ అని దణ్ణం పెట్టి బిగించి పోయాడు."

టెస్టరమ్మ నవ్వలేదు. నేల మీద దుప్పటి చూసింది. "ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"పాపకి వేశాం," అంది అమ్మ.

ఆమె నల్ల ముక్కని వేలితో చూపించింది. "ఇది వెళ్లేది ఎర్త్‌కి కాదు, తిరిగి వెళ్లే వైరుకి. అది బాగున్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. అది ఎక్కడైనా తెగిందనుకోండి. తెగక్కర్లేదు, మెయిన్ దగ్గర ఒక మర వదులైనా చాలు. వెళ్లడానికి దారి లేని కరెంటంతా ఈ ముక్క పట్టుకుని మిషను ఒంటి మీదికి వచ్చి కూర్చుంటుంది. ఫ్రిజ్ జిల్లుమనిపించి వదిలేస్తోంది. ఇది వదలదు. ముందు చెప్పదు కూడా."

అమ్మ వంగి దుప్పటి తీసేసింది. మడత పెట్టలేదు, ఉండ చుట్టి చంకలో పెట్టుకుంది.

తాతయ్య బోర్డుకేసి చూస్తూ, "పాపని అక్కడ కూర్చోబెట్టమంది నేనే," అన్నారు. ఎవరితోనో తెలియదు. తర్వాత ఆమె వైపు చెయ్యి చాచారు. "ఆ మర తిప్పేదివ్వు. నేను తీస్తాను."

"మెయిన్ ఆగే ఉంది. తీయండి," అని ఇచ్చిందామె.

ఆయన ఆ ముక్కని తీసి, చొక్కా జేబులో వేసుకున్నారు.

ఆ రోజూ మర్నాడూ ఇంట్లో ఒకటే సందడి. పెరట్లో నిమ్మచెట్టు పక్కన, తడి ఉండే చోట, మనిషిని మించిన రాగి కడ్డీ ఒకటి దిగ్గొట్టారు. నాన్న డిపోకి సెలవు పెట్టి మరీ సమ్మెట పట్టారు. పది దెబ్బలు వేసి, "బస్సు నడపడమే నయం," అని కూర్చున్నారు. ఆ కడ్డీ నుంచి ఆకుపచ్చ వైరు గోడ వెంట వచ్చి వసారాలో మిషనుకీ, వంటింటికీ, ఫ్రిజ్‌కీ చేరింది.

లోపలి రెండు గదుల్లోకి మాత్రం అది వెళ్లలేదు. అక్కడ వైర్లు గోడలోపలి గొట్టాల్లో ఉన్నాయి, అవి పూడుకుపోయాయి. టెస్టరమ్మ అక్కడ మూడు కన్నాలవి తీసేసి మళ్లీ రెండు కన్నాలవి పెడతానంది. చిన్న వేళ్లూ పుల్లలూ దూరకుండా లోపల అడ్డు రేకులున్నవి.

"మళ్లీ పాతకాలానికా?" అన్నారు తాతయ్య.

"లేనిది ఉన్నట్టు చూపిస్తే ఎవరో ఒకరు నమ్ముతారు. రెండే ఉంటే ఇస్త్రీ పెట్టె ఇక్కడ పెట్టకూడదని ప్లగ్గే చెబుతుంది. దీపం, ఫ్యాను, ఫోన్ చార్జరు, అంతే. మీరు ప్లగ్గు మూడో కాలు విరిచి దూర్చనంటేనే."

"నేనెందుకు విరుస్తాను?"

"మీ పనిముట్ల పెట్టెలో కాలు విరిచిన ప్లగ్గు చూశాను బాబాయ్‌గారూ."

తాతయ్య దగ్గుతూ అటు వెళ్లిపోయారు.

చివరికి మెయిన్ బోర్డులో అరచేతిలో సగం ఉండే తెల్ల పెట్టె ఒకటి బిగించింది. "కడ్డీ ఒక్కటే చాలదు. ఇదీ ఉండాలి. ఇంట్లోకి వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగి రావాలి. మధ్యలో కాస్త ఎటైనా పోయిందా, రెప్పపాటులో మొత్తం ఆపేస్తుంది."

"మా ఇంట్లోనూ అంతే. ఈయన డిపో నుంచి తిన్నగా రాకపోతే దీపాలుండవు," అంది అమ్మ. నాన్న సమ్మెట వైపు చూస్తూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

మెయిన్ వేశారు. దీపాలు వెలిగాయి. మిషను తిరిగింది. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టగానే టక్కుమని ఇల్లంతా ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ టక్కుమంది. సాయంత్రం అవుతోంది. తెల్లవారితే అక్కా బావా వస్తారు. వాళ్లని రమ్మని అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేసింది.

"కొత్త పెట్టె పాడైందేమో," అంది అమ్మ నీరసంగా.

"పెట్టె పని అది చేస్తోంది. దొంగ ఫ్రిజ్‌లోనే ఉన్నాడు. ఇన్నాళ్లూ దొరకలేదు," అంది టెస్టరమ్మ.

ప్లగ్గు పూర్తిగా పీకేసి, ఫ్రిజ్‌ని గోడకి దూరంగా జరిపారు. ఆమె వెనకవైపు కింద దీపం వేసి వెతికింది. ఎంతసేపు చూసినా ఏమీ కనిపించలేదు. అప్పుడు తాతయ్య కళ్లద్దాలు తుడుచుకుని నేల మీద బోర్లా పడుకున్నారు. ఆయన రేడియోల వెనక అలా పడుకుని చూసేవారని అమ్మ చెప్పేది. వైర్లని ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నుంచి పోనిచ్చారు, పూసలు లెక్కపెట్టినట్టు. మోటారు పట్టీ వెనక ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కడ," అన్నారు.

పట్టీకి రాసుకుని రాసుకుని వైరు పైపొర పగిలిపోయింది. దాని మీద తడీ మురికీ కలిసి నల్లటి జిగురులా పేరుకుంది. టెస్టరమ్మ మీటర్ పెట్టి చూసి, ఆ వైరు మొత్తం తీసేసి కొత్తది వేసింది. ప్లగ్గు పెట్టాం. ఫ్రిజ్ గుర్రుమని నిద్ర లేచింది. ఇల్లు వెలుగుతూనే ఉంది. తలుపుకి టెస్టర్ పెడితే వెలగలేదు. మీటర్ పెడితే ముల్లు కదల్లేదు.

"ఇన్నేళ్లయినా మీ జాయింట్లలో ఒక్కటీ నల్లబడలేదు. అంత పనిమంతులు. ఎక్కడ దెబ్బతిన్నారో తెలుసా?" అంది ఆమె సంచీ సర్దుకుంటూ. "రేడియోకి రెండు వైర్లు చాలు. దాన్ని ముట్టుకునే మనిషికే మూడోది కావాలి."

తాతయ్య ఆమె సంచీ అందుకున్నారు. గేటు దాకా వెళ్లి సాగనంపి వచ్చారు. ఆయన ఎవరినీ గేటు దాకా సాగనంపరు.

శనివారం పొద్దున్నే అక్కా బావా పాపా వచ్చారు. అక్క సంచీ సర్దుకునే వచ్చింది గానీ దాన్ని లోపలికి తీసుకురాకుండా గుమ్మంలోనే పెట్టింది. బావ పాపని భుజం మీంచి దించలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ మీదికి చెయ్యి చాచాడు.

"చేత్తో చూడకు నాయనా. చెయ్యి నీ ఒక్కడిదే, మీటర్ అందరిదీ," అని తాతయ్య బావ చెయ్యి పక్కకి తప్పించి, రేడియోలు బాగుచేసేప్పటి తన మీటర్ పెట్టి చూపించారు.

బావ ముల్లు చూశాడు. తల ఊపాడు. అమ్మ ఊపిరి వదిలింది. అక్క సంచీ వైపు ఒక అడుగు వేసింది. అక్కడితో అయిపోయేది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

తాతయ్య జేబులోంచి ఆ నల్ల ముక్క తీసి బావ అరచేతిలో పెట్టారు.

"నువ్వు ఫ్రిజ్ అన్నావు. నీకు తెలియనిది ఇంకోటి ఉంది. ఇది బట్టల మిషను ప్లగ్గులో నేను పెట్టింది. పాపని దాని పక్కనే కూర్చోబెడదామనుకున్నాను. నిన్ను ఫ్రిజ్ కొట్టడం అదృష్టం. లేకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు."

అమ్మ కళ్లు పెద్దవి చేసి తాతయ్యని చూసింది. అక్క ఆగిపోయింది. బావ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పాడు. బావకి వైర్ల సంగతి అంతగా తెలియదు, దీని సంగతి తాతయ్యే మొదటి నుంచీ చెప్పారు. టీ తాగి రమ్మన్న సంగతి కూడా దాచలేదు. చెప్పడం అయ్యాక బావని మెయిన్ దగ్గరికి తీసుకెళ్లి, తెల్ల పెట్టె మీద చిన్న మీట చూపించి నొక్కమన్నారు. నొక్కగానే టక్కుమని ఇల్లంతా ఆగిపోయింది.

"ఇది నెలకోసారి నొక్కి చూడాలట. పాప ఉన్న పది రోజులూ నేను రోజూ నొక్కుతాను."

"రోజూ వద్దు నాన్నా, నా మిక్సీ సగంలో ఆగిపోతుంది," అంది అమ్మ.

బావ ఆ పెట్టెలో కిందకి పడిన పిడిని మళ్లీ పైకెత్తాడు. దీపం వెలిగింది. "మీరు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు తాతయ్యా," అన్నాడు.

"అదే భయం వేసింది," అన్నారు తాతయ్య.

బావ వసారాలోకి వెళ్లి, పాపని భుజం మీంచి దించి నేల మీద నిలబెట్టాడు. ఉత్త కాళ్లతో. అది రెండు సెకన్లు ఊగి, ఎదురుగా ఉన్న మిషనుని రెండు చేతులతో పట్టుకుంది. మేమందరం ఊపిరి బిగబట్టాం, మీటర్ చూసి కూడా. అది మిషను గుండ్రటి తలుపులో తన మొహం చూసుకుని, మెచ్చుకుని, నాలుకతో తలుపంతా నాకింది.

"అయ్యో, ఇవాళ తుడవలేదే," అంది అమ్మ.

పదకొండింటి బస్సుకి అక్క వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర వంగి ముద్దు పెట్టబోతే పాప విదిలించుకుని తాతయ్య చెక్క బండి దగ్గరికి పాకింది. వెనక్కి తిరిగి చూడలేదు. "ఒక్క చుక్క కన్నీరైనా పెట్టదేం?" అని అక్క బస్సెక్కేదాకా ఏడుస్తూనే ఉంది. బావ సంచీ పట్టుకుని, "ఊరుకో, పది రోజులేగా," అంటూ ఆమె వెనకే నడిచాడు.